పడని గోలుకు జీతం

మా అన్నకు జీతం హాకీ ఆడినందుకే వచ్చేది. మిల్లు కాగితాల్లో మాత్రం గోదాము గుమాస్తా అని ఉండేది. మహబూబ్‌నగర్ స్టేషన్ దాటాక ఉన్న పల్లికాయ మిల్లు అది. దాని యజమానిని ఊరంతా సేఠ్ అనేవారు. ఆయనకు హాకీ అంటే పిచ్చి. ఆత్మకూర్ బడి మైదానంలో అన్న ఆట చూసి, చదువు పూర్తయిన ఏడాదే పిలిపించుకున్నాడు. జీతంతో పాటు మిల్లు వెనుక ఒక గది ఇచ్చాడు. ఆటగాళ్ళకు రోజూ పాలు, కోడిగుడ్లు ఇచ్చే ఏర్పాటు కూడా ఉండేది. అమ్మా బాపూ అప్పటికే లేరు. అవ్వా నేనూ మూటలు కట్టుకుని అన్న వెంట వచ్చాం.

ఆ గది మాది కాదని, అన్న కాళ్ళదీ చేతులదీ అని నాకు మొదటి వారంలోనే తెలిసింది. మాకంటే ముందు అందులో ఉన్న ఆటగాడికి మోకాలు దెబ్బతిన్నదట. ఆయన సామాను ఎడ్లబండి మీద వెళ్ళిపోయిన సంగతి పక్కింటి వాళ్ళు నాకు చెప్పారు. గోడకు ఆయన కొట్టుకున్న మేకులు ఇంకా ఉన్నాయి. మా బట్టలు వాటికే తగిలించేవాళ్ళం.

అన్న ఫుల్ బ్యాక్. అంటే మన గోలు ముందు నిలబడి, బంతితో వచ్చేవాళ్ళను ఆపేవాడు. గోలు కొట్టినవాణ్ణి జనం భుజాల మీద ఎత్తుకుంటారు. ఆపినవాడి పని అయిపోయాక చూడటానికి అక్కడేమీ మిగలదు. ఆపాడు కనుక ఏమీ జరగలేదు. ఏమీ జరగనందుకు చప్పట్లు ఎవరు కొడతారు?

మిల్లు ముందు ఒక చాయ్ హోటల్, దాని పక్కన నల్లా ఉండేవి. పొద్దున నీళ్ళకు వెళ్ళినప్పుడు నా బిందె నిండేలోపు అన్న జీతం మీద విచారణ ఒకటి నడిచేది. నేను ఎవరో వాళ్ళకు తెలుసో లేదో నాకు తెలియదు. తల ఎత్తి చూసేదాన్ని కాదు.

"గాయినకెంత ఇస్తడట సేఠ్?"

"బడిపంతులు కంటె ఎక్కువనట."

"మల్ల ఎన్ని గోల్సు గొట్టిండు?"

"ఒక్కటి గొట్టలే."

"అరె, ఆయన గొట్టేటాయన గాదు, ఆపేటాయన."

"ఆపనీకి జీతమెందుకే? మా బర్రెను దెచ్చి కట్టేస్తె అది గూడ ఆపుతది. దానికి కుడితి వోస్తె సాలు."

అందరూ నవ్వేవారు. బిందె పొర్లిపోతున్నా నల్లా కట్టేయడానికి నాకు చేయి ఆడేది కాదు.

ఎనిమిదో తరగతితో నా చదువు ఆగింది. అన్న గ్రంథాలయం నుంచి పుస్తకాలు తెచ్చి ఇచ్చేవాడు. మిల్లు వాళ్ళు కొత్త సంవత్సరానికి పంచిన డైరీ కూడా నాకే ఇచ్చాడు. అందులో రోజూ రాసేదాన్ని. కానీ ఆ ఏడాది సాయంత్రాల గురించి వెతికితే మబ్బు పట్టిందనీ, గాలి లేదనీ తప్ప ఏమీ ఉండదు. భయపడిన సంగతి రాస్తే అది నిజమై కూర్చుంటుందని నమ్మేదాన్ని. అందుకే ఇప్పుడు, కొన్నేళ్ళ తర్వాత, జ్ఞాపకం మీద రాస్తున్నాను.

ఆ ఏడు వానలు సరిగా కురవలేదు. అన్నలో తేడా మొదట గమనించింది గడప దగ్గర. పొద్దుగూకాక అన్న మిల్లు నుంచి వచ్చి, గది ముందు ఒక క్షణం ఆగి, కాలితో గడప ఎక్కడుందో వెతికి లోపలికి వచ్చాడు. అలసిపోయాడేమో అనుకున్నాను. ఇంకోరోజు నీళ్ళ చెంబు అందిస్తే, చెంబుకు జానెడు పక్కన గాలిని పట్టుకున్నాడు. "దీపం ముట్టియ్యలేదా?" అన్నాడు. బయట ఇంకా వెలుగుంది. వాకిట్లో ముగ్గు గీతలు నాకు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

దీపం పెట్టాను. అగ్గిపుల్లలు రెండు మూడు ఆరిపోయాయి.

ఆటలు సాయంత్రమే జరుగుతాయి. ఎండ తగ్గాక మొదలై, పొద్దుగూకేసరికి ముగుస్తాయి. ముగింపులోనే గెలుపూ ఓటమీ. ఇక ఆ రోజు నుంచి ఆట ఉన్న ప్రతి సాయంత్రం నేను గదిలో చాట ముందు పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ, మైదానం వైపు నుంచి వచ్చే అరుపులు వింటూ కూర్చునేదాన్ని. అరుపు సాగి సాగి చివర పైకి లేస్తే మనవాళ్ళు కొట్టారని. మధ్యలో తెగిపోతే మన గోలు మీదికి ఎవరో వచ్చారని. తెగితే, అది మళ్ళీ లేచేదాకా చాటలో ఒక్క రాయీ ఏరేదాన్ని కాదు.

దసరా వెళ్ళాక నల్గొండ జట్టు స్నేహపూర్వకంగా ఆడటానికి వచ్చింది. ఎవరో పెద్ద అధికారి చూడటానికి వస్తానన్నాడని, ఆయన వచ్చేదాకా ఆట మొదలుపెట్టకుండా ఆపారు. పెద్దమనిషి రాకముందు సీటీ ఊదడం మా వైపు మర్యాద కాదు. ఆయన వచ్చేసరికి ఎండ చెట్ల మీదికి ఎక్కింది. ఆ రోజు చివర్లో అరుపు తెగింది. మళ్ళీ లేవలేదు.

జరిగింది తర్వాత అందరి నోటా విన్నాను. బంతి నెమ్మదిగా వచ్చిందట. మా అన్న రెండు కాళ్ళ మధ్య నుంచి వెళ్ళిందట. ఆయన కర్ర కూడా కిందికి దించలేదట.

మర్నాడు పొద్దున అవ్వ తలుపు తీసేసరికి గొళ్ళేనికి మోదుగాకు పొట్లం వేలాడుతోంది. విప్పితే ఆకుపచ్చ గాజులు. ఆట సరిగా ఆడని మగవాడి ఇంటికి గాజులు పంపడం ఆ ఊళ్ళో అభిమానుల అలవాటు. అన్న చూడకముందే చూరులో దాచేద్దామనుకున్నాను. అవ్వ వాటిని వెలుగుకు పట్టుకుని చూసింది.

"మంచి గాజులే. ఎవలో పైసలు వెట్టి కొన్నరు, పాపం," అంది. "ఇటు రా బిడ్డా, చెయ్యి దే."

"వద్దవ్వా."

"వద్దంటె? గాజులు ఏం పాపం జేసినయ్? పొయ్యిల వెడ్తమా?"

నా చేతులకు వేసింది. సరిగ్గా సరిపోయాయి. అన్న లేచి వచ్చి, నా చేతుల వైపు చూసి, ఏమీ అడగకుండా మొహం కడుక్కోవడానికి వెళ్ళాడు. తెలిసిపోయిందని ఆయన వీపు చూస్తే అర్థమైంది.

ఆ మధ్యాహ్నం సద్దిగిన్నె తీసుకుని మిల్లుకు వెళ్ళాను. సేఠ్ గద్దె మీద కూర్చుని ఉన్నాడు. ఆయన పక్కన లెక్కలు రాసే మునీం. ఎదురుగా అన్న నిలబడి ఉన్నాడు. నేను బస్తాల చాటున ఆగిపోయాను. ముందుకూ పోలేను, వెనక్కూ పోలేను.

"చూడు భయ్యా," సేఠ్ గొంతు పెద్దది చేయలేదు. "హమాలీ బస్తాలు మోస్తడు, పొద్దుమీకి నేను లెక్కవెడ్త. సెంటర్ ఫార్వర్డ్ గోల్ గొడ్తడు, గదీ లెక్కవెడ్త. నీది నేనేం లెక్కవెట్టాలె?"

"పడని గోల్సు లెక్కవెట్టుండ్రి సేఠ్," అన్నాడు అన్న.

మునీం కలం చెవి మీద పెట్టుకున్నాడు. "పడనియి రాయనీకి నా లెక్కల పుస్తకంల ఖానా లేదయ్యా. పడ్డది ఒక్కటున్నది. రాయమంటె గది రాస్త."

సేఠ్ నవ్వలేదు. "బజార్ల ఏమంటున్నరో ఇన్నవా? నల్గొండోళ్ళు నిన్ను కొన్నరంటున్నరు."

"మీరు గూడ గదే అంటున్నరా?"

"నేను అంటలేను. కని అనకుండ ఉండనీకి నాకొక కారణం గావాలె. చెండు నీ కాళ్ళ నడుమకెల్లి పోయింది. నువ్వు కర్ర దించలే. ఎందుకు దించలే?"

జవాబు నాకు తెలుసు. అన్న కాక ఆ మిల్లులో నాకొక్కదానికే తెలుసు.

"కప్పు ఫైనల్ దాక చూస్త," అన్నాడు సేఠ్. "గా రోజు గూడ గిట్లనే నిలవడితె, గది ఖాళీ చెయ్యి."

సద్దిగిన్నె మునీం బల్ల మీద పెట్టి, ఎవరివైపూ చూడకుండా వచ్చేశాను. దారిలో నా చేతుల గాజులు చప్పుడు చేస్తుంటే చీరె కొంగుతో వాటిని నొక్కి పట్టుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం అన్న గది వెనుక కర్రకు నూనె రాస్తున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. మా మధ్య అలాంటి మాటలు ఎప్పుడూ లేవు.

"అన్నా, పొద్దువోయినంక నీకు కనవడ్తలేదు గద."

చేయి ఆగింది. "ఎవలు చెప్పిండ్రు?"

"గడప చెప్పింది."

ఆయన కర్రను ఒళ్ళో పెట్టుకున్నాడు. "పొద్దుగూకుతుంటె చెండు మాయమైతది చెల్లే. మొరం మీద దొర్లితె చప్పుడైతది. గా చప్పుడు ఇని ఆడుతున్న ఇన్ని దినాలు. గా రోజు జనం లొల్లిల చప్పుడు ఇనరాలే. నాకు ధైర్యం జెప్పనీకే మొత్తుకుంటున్నరు వాళ్ళు. ఏమనాలె?"

"సేఠ్‌కు జెప్పు."

"చెప్తె? గుడ్డోన్ని ఎవలు నిలవెట్టుకుంటరు గోల్ ముంగట?" నవ్వడానికి చూశాడు. "గాజులంటె నువ్వు ఏసుకున్నవ్. మనముండే గది వోతె దాన్నెవలేసుకుంటరు?"

అదే నన్ను కదిలించింది. ఒంటరిగా బజారు దాటి ఎరగని నేను, అవ్వతో కట్టెలకు పోతున్నానని చెప్పి దవాఖానకు వెళ్ళాను. ఆడవాళ్ళ వరుసలో నిలబడి నా వంతు రాకపోతే బాగుండునని కోరుకున్నాను. వచ్చింది. నర్సమ్మ వయసు మళ్ళిన మనిషి, మెడలో సన్నని గొలుసుకు శిలువ.

"ఏమైంది?"

"రేచీకటి," అన్నాను. గొంతు నాకే వినబడలేదు.

"నీకా?"

"ఇంట్ల."

"ఇంట్ల ఎవలికి?"

నేను నేల చూశాను. ఆమె నా గాజులు చూసింది, నా మొహం చూసింది. "నువ్వు మిల్లు ఆటగాని చెల్లెవు గద. రైలు కట్ట దిక్కు నీళ్ళు మోస్తుంటె చూసిన."

ఆమె గొంతు తగ్గించింది. "మా ఇంటాయన రోజూ మీ అన్నను తిట్టి బువ్వ దింటడు. గాయనకు నేను చెప్ప, నువ్వు ఎవలికి చెప్పకు. ఏం దింటడు మీ అన్న?"

"రొట్టె. చింతపులుసు. కారం."

"ఆటగాళ్ళకు గుడ్లు ఇస్తరంట గద?"

"దినడు. నీసు ముట్టడు. మొక్కున్నది."

అప్పుడు చెప్పాను. ఉద్యోగం దొరికినప్పుడు అవ్వ కురుమూర్తి గుట్ట ఎక్కి, మిల్లువాళ్ళు కప్పు గెలిచేదాకా మా పిల్లవాడు నీసు ముట్టడని స్వామికి మొక్కుకుంది. అప్పటి నుంచి అన్న మాంసం తినలేదు, గుడ్డు తినలేదు. ఆయన గుడ్లు గోల్ కీపర్‌కు పోయేవి. ఆయన పాలు లోటాలో మా ఇంటికొచ్చి అవ్వ చాయ్‌లో కలిసేవి. కరువుకు ఆకుకూర కూడా పోయింది.

నర్సమ్మ చేతిలోని కలం పక్కన పెట్టింది. "కప్పు గెలవాల్నని కండ్లు దాకట్టు వెట్టిండ్రన్నట్టు," అంది. కోపంగా అనలేదు. "మేక కార్జం గాల్చి పెట్టు. పాలు ఆయననే తాగుమను. మునగాకు, పొన్నగంటి కూర ఏడ దొరికితె ఆడ తెచ్చి వండు. కరువుల శానమందికి వస్తది గిది. సగం మంది మంచిగైతరు. ఆలిశెం జేస్తె పగలు గూడ కనవడదు."

పగలు గూడ అన్న మాట ఇంటిదాకా నా వెంట నడిచింది.

అవ్వకు చెప్పాలి. అన్నకు చెప్పడం కంటే అది కష్టం. పొయ్యి ముందు కూర్చుని ఉన్న అవ్వ అంతా విని, కట్టె లోపలికి తోసింది, మళ్ళీ బయటికి లాగింది.

"నేనే గుడ్డోన్ని జేసిన్నా?" అంది చివరికి.

"లేదవ్వా."

"మల్ల ఎవలు జేసిండ్రు? సామి జేసిండా?"

ఆ రాత్రి అవ్వ అన్నం తినలేదు. మొక్కు తప్పిస్తే స్వామి మొత్తం కళ్ళే తీసుకుంటాడేమో అని ఆమె భయం. తప్పించకపోతే తీసుకుంటాడని నా భయం. ఇద్దరం ఒకే దుప్పటి కింద వేర్వేరు భయాలతో పడుకున్నాం.

తెల్లవారి ఆమె స్నానం చేసి, పసుపు గుడ్డలో ఒక రూపాయి ముడుపు కట్టి, కురుమూర్తి గుట్ట ఉన్న దిక్కుకు తిరిగి నిలబడింది. దేవుడితో ఆమె ఎప్పుడూ కోమటి దుకాణంలో మాట్లాడినట్టే మాట్లాడేది.

"సామీ, గా మొక్కు వాడు మొక్కలే, నేను మొక్కిన. తెలువక వాని నోరు గట్టేసిన. ఇగ గా కట్టు ఇప్పి నా నోటికి గట్టు. కప్పొచ్చేదాక నేను ముట్ట. గీ ముడుపు నీకు బాకి. తప్పుంటె నన్ను జూడు, వాన్ని జూడకు."

మా అవ్వకు పళ్ళు లేకున్నా బొక్కల పులుసు అంటే ప్రాణం. పండుగనాడు పక్క గదిలో తాళింపు వాసన వస్తే మాట మధ్యలో ఆపేసేది. ఆమె ఏం ఇచ్చుకుందో నాకు తెలుసు.

అన్న ఒప్పుకోలేదు. "మొక్కు మార్చనీకి అదేమన్న రేషన్ కారటా అవ్వా? నాకు భయమైతది."

"నాకు దేవునికి నడుమ మాటలైనయ్. నడుమల నీకేం పని? తిను."

నిప్పుల మీద కార్జం కాలింది. ఉప్పు, పసుపు, కొంచెం కారం. గదంతా ఆ వాసన. అన్న తింటున్నంతసేపూ అవ్వ వాకిట్లోకి తిరిగి కూర్చుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఏదో దెబ్బ తగలబోతున్నట్టు. తగలలేదు. తిన్నాడు.

ఆ తర్వాత వారానికి రెండు మూడుసార్లు కార్జం వచ్చేది. నేను వాగు ఒడ్డుకు పోయి పొన్నగంటి కూర వెతికేదాన్ని. నీళ్ళు లేని వాగులో అది చెమ్మ ఉన్న చోటే దొరుకుతుంది. అన్న గుడ్లు తింటున్నాడని తెలిసి మునీం, "సన్నాసి సంసారంల వడ్డడు," అని హోటల్ ముందు అన్నాడట. నల్గొండవాళ్ళ పైసలతో కూర తింటున్నాడని ఇంకెవరో అన్నారట. ఆ మాట కూడా నల్లా దగ్గరే విన్నాను.

దీపాల వేళకు నేను బొంత కుట్టే పని ముందేసుకుని గడపలో కూర్చునేదాన్ని. "అన్నా, జర దారం ఎక్కియ్యి," అని సూది అందించేదాన్ని. ఎందుకో ఆయనకు తెలుసు. మొదట్లో దారం సూది పక్కనుంచి పోయేది. నవ్వి ఇచ్చేసేవాడు. ఒక సాయంత్రం ఎక్కింది. సంతోషపడబోయి ఆగాను. వేళ్ళతో తడిమి ఎక్కించాడా, చూసి ఎక్కించాడా? అడగడానికి ధైర్యం చాలలేదు.

కురుమూర్తి జాతర అయిపోయి చలి ముదిరాక కప్పు పోటీలు వచ్చాయి. చలికాలం పొద్దు త్వరగా గూకుతుంది. ముందు ఆటలు ఎండ ఉండగానే ముగిశాయి. ఫైనల్ మళ్ళీ నల్గొండ జట్టుతోనే పడింది.

ఆ రోజు ఆడవాళ్ళకు చాటుగా మైదానం పక్కన కనాత్ గుడ్డలు కట్టారు. మిల్లు సేఠ్ భార్య నన్నూ పిలిపించింది. ఆటగాళ్ళ ఇంటి ఆడవాళ్ళు రావడం ఆమెకు గౌరవం. అవ్వ రాలేదు. గదిలో ముడుపు ముందు కూర్చుంది. కనాత్‌కు ఉన్న చీలికలోంచి నాకు మన గోలూ, దాని ముందు అన్నా కనిపిస్తున్నారు. మధ్యలో ఖాళీ కుర్చీ ఒకటి, పూలదండతో. పెద్ద అధికారి ఇంకా రాలేదు.

ఎండ చెట్ల మీదికి ఎక్కింది. ఎవరూ సీటీ ఊదడం లేదు.

"ఎప్పుడు మొదలువెడ్తరమ్మా?" అని సేఠ్ భార్యను అడిగాను. ఆమెతో నేను మాట్లాడిన మొదటి మాట అదే.

"సాబ్ రావాలె గద," అంది పల్లీలు ఒలుస్తూ. నా చేయి చూసింది. "గీ గాజులు బాగున్నయ్. ఏడ కొన్నవ్?"

"ఇంటికే వచ్చినయ్," అన్నాను.

ఆమె ఒక్క క్షణం ఆలోచించి, ఒలిచిన పల్లీలు నా ఒళ్ళో పోసింది.

అధికారి వచ్చాడు, చేతులు కలిపాడు, దండ వేయించుకున్నాడు. ఆట మొదలైంది. మొదటి సగంలో ఇటువాళ్ళూ కొట్టలేదు, అటువాళ్ళూ కొట్టలేదు. రెండో సగానికి నీడలు మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు పాకాయి. ఆపైన నీడ కూడా లేదు. జట్ల బనీన్ల రంగులు కలిసిపోయాయి. గుంపులో ఎవరో అరిచారు: "ఓ బర్రె, జర కదులు!" నవ్వులు. అన్న తల తిప్పలేదు. ఒళ్ళోని పల్లీలు నా పిడికిట్లో నలిగిపోయాయి.

చివర్లో నల్గొండ సెంటర్ ఫార్వర్డ్ ఒక్కడే దుమ్ములోంచి బయటికి వచ్చాడు. ముందు మా అన్న, వెనుక గోల్ కీపర్, ఇంకెవరూ లేరు. నాకు మనుషులు మసకగా కనిపిస్తున్నారు, బంతి అసలే కనిపించడం లేదు. నాకే కనిపించకపోతే అన్నకు? జనం అరుపు తెగింది. అంతమంది ఒక్కసారిగా ఊపిరి బిగబట్టారు. చెప్పుల కింద గులకరాయి నలిగిన చప్పుడు కూడా వినబడేంత నిశ్శబ్దం.

అన్న కర్ర కిందికి దిగింది.

కర్రకు బంతి తగిలిన చప్పుడు ముందు వినబడింది. తర్వాత ఏదో వచ్చి మా కనాత్ గుడ్డకు దబ్బున తగిలి కింద పడింది. ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. నా కాళ్ళ దగ్గర గుడ్డ కింద నుంచి తెల్లగా, సగం బయటికి, బంతి. నేను దాన్ని ముట్టుకోలేదు. చూస్తూ కూర్చున్నాను. సీటీ మోగింది.

ఎవరూ గోలు కొట్టలేదు. మళ్ళీ ఆడించడానికి వెలుతురు లేదు. పెద్దలు కూడి మాట్లాడుకుని కప్పు ఇద్దరిదీ అన్నారు. ఆరు నెలలు మహబూబ్‌నగర్‌లో, ఆరు నెలలు నల్గొండలో. చీటీ వేస్తే మొదటి ఆరు నెలలు వాళ్ళకు పడ్డాయి. జనానికి కోపం రావాలో సంతోషం రావాలో తెలియక హోటల్ వైపు నడిచారు.

మర్నాడు నల్లా దగ్గర విచారణ మళ్ళీ మొదలైంది.

"కప్పు రాలే, ఏం రాలే. సేఠ్ పైసలు మట్టిల వోసినట్టే."

"గా ఆఖరు చెండు ఆపకుంటె సగం కప్పు గూడ రాకపోవు."

"ఆపిండా, తాకిందా?"

"తాకితె గంత దూరం వోతదా? ఆడోళ్ళ కనాత్ దాక వోయింది."

"అయితె బర్రె కంటె జర నయమే."

ఆ ఊరి నుంచి అంతకు మించి మంచి మాట రాదు. బిందె ఎత్తుకుని వచ్చేశాను.

సేఠ్ అన్నను మళ్ళీ పిలిచాడు. ఈసారి నేను వెళ్ళలేదు. వెళ్ళే ధైర్యం లేదు. గదిలో మేకులకున్న బట్టలన్నీ తీసి మడతపెట్టాను. ఒకవేళ పోవాల్సి వస్తే తొందరలో ఏదీ మరిచిపోకూడదు. అన్న వచ్చి ఆ మడతలు చూసి గుమ్మంలో నిలబడ్డాడు.

"మల్ల తగిలియ్యి," అన్నాడు.

"ఏమన్నడు?"

"వచ్చే ఏడాది దాక అన్నడు. మునీం, ఏం రాయాలె సేఠ్ అని అడిగిండు. సున్న రాయి అన్నడు సేఠ్. నల్గొండోళ్ళు కొట్టినయ్ సున్న. గదే వీని లెక్క అన్నడు."

అవ్వ ఆ సాయంత్రం చాలాసేపు ఆలోచించింది. కప్పు వచ్చిందా రాలేదా అన్నది ఆమెకు నిజంగా పెద్ద చిక్కు. చివరికి దేవుడితో ఒక మాటకు వచ్చింది. సగం కప్పుకు సగం మొక్కు. నాటి నుంచి మా ఇంట్లో మాంసం వండినప్పుడు అవ్వ పులుసు మాత్రమే పోసుకునేది. ముక్క ముట్టేది కాదు. పొరపాటున గరిటెలో ముక్క వస్తే తీసి అన్న పళ్ళెంలో వేసి, గుట్ట దిక్కుకు ఒకసారి చూసేది. ముడుపు మాత్రం విప్పలేదు. అవ్వ పోయేదాకా అలాగే ఉంది.

ఆ రోజు దీపం పెట్టేముందు అన్నను అడిగాను. "ఆఖరు చెండు కనవడ్డదా, ఇనవడ్డదా?"

ఆయన గోడకు ఆనుకుని, కర్ర అంచుకు లేచిన పేడును గోటితో గీకుతున్నాడు.

"సగం సగం," అన్నాడు.

బొంత తీసి గడపలో కూర్చున్నాను. బయట వెలుగు పోతోంది. సూదీ దారమూ చేతిలో పట్టుకుని, ఆయన వైపు చాపాను.

"జర ఎక్కియ్యి అన్నా."

ఆయన లేచి వచ్చాడు. గడప దగ్గర ఒక్క క్షణం ఆగాడు. ఆయన చేయి చాపి సూదిని తీసుకున్నాడు.